ముప్పై ఏడో సీసా

నేను కుదురుగా ఒకచోట కూర్చునే మనిషిని కాదు. మా అప్ప నా చిన్నప్పటి నుంచీ ఆ మాటే అంటుంది. మా వైపు అక్కని అప్ప అంటాం. నాకంటే ఆరేళ్లు పెద్దది. అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచి గుమ్మం దాకా వెళ్లొస్తానని, నా కాళ్లలో చక్రాలున్నాయని ఆమె ఫిర్యాదు. కానీ కిందటేడు నేను తిరిగిన తిరుగుడు వేరు. విశాఖపట్నంలో మా ల్యాబులో ఉంటే పలాస రావాలనిపించేది. పలాసలో దిగితే వచ్చిన బండిలోనే వెనక్కి పోవాలనిపించేది. అంతటికీ కారణం ఒక ప్లాస్టిక్ సీసా. దానికి నీలం మూత, మూత మీద నా చేతిరాతతో ముప్పై ఏడు అనే అంకె.

నా పనేమిటో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా ఉంటాయి. తిన్న తిండిని శక్తిగా మార్చేవి అవే. ఇంతవరకూ బడి పుస్తకంలో అందరం చదువుకున్నాం. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. చాలా చిన్నది, రెండు కొసలూ కలిపి ముడేసిన దారంలా గుండ్రంగా ఉంటుంది. ఆ దారం నుంచి ఆర్‌ఎన్‌ఏ కాపీలు తయారవుతాయి. కొన్ని కాపీలను చదువుకుని కణం ప్రొటీన్లు చేసుకుంటుంది. కొన్నిటి నుంచి ఏ ప్రొటీనూ రాదు. ఈ రెండో రకంలో చాలావాటిని ఎన్నో ఏళ్లు చెత్త కిందే లెక్కేశారు. నేను పదకొండేళ్లుగా ఆ చెత్త మీద పని చేస్తున్నాను.

అప్ప పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. మందస అవతల సముద్రం వైపు ఉన్న మా ఊరి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా పళ్లెం ముందు కూర్చుంటుంది. నేను పలాసలో దిగినప్పుడల్లా నేరుగా ఆ షెడ్డుకే వెళ్లి ఆమె పక్కన కూలబడేదాన్ని. నా చదువు గురించి ఆమెకి చెప్పడానికి చాలాసార్లు ప్రయత్నించాను. ఒకసారి మొత్తం విని, చేతిలో కత్తి ఆపకుండా అంది.

“ఏటే, ఏ పనీ సెయ్యని దాని మీద పదకొండేళ్ల నుంచి పని సేత్తన్నావా? పప్పు లేని జీడిపిక్కలు కొడుతున్నట్టుంది నీ సదువు.”

పక్కనున్న ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నాకు రోషం వచ్చింది. నాకు రోషం తొందరగానే వస్తుంది. అక్కడే పళ్లెం పక్కకి జరిపి పాఠం మొదలుపెట్టాను. పనెందుకు చెయ్యదు? వాటిలో చిన్నది ఒకటుంది, అది కాపీలు తీసే యంత్రం దగ్గరికి పోయి, యంత్రాలను రెండేసి చొప్పున అతికించి కదలకుండా చేస్తుంది. కాపీలు ఎక్కువైపోతుంటే ఆపేది అదే. ఇంకొకటి చెప్తాను విను అన్నాను. ఆ గుండ్రటి దారానికి రెండు వరుసలు. రెండు వరుసల నుంచీ కాపీలు పుడతాయి, కానీ ఒక వరుస నుంచి వచ్చే దాంట్లో పనికొచ్చేది చాలా తక్కువ. మిగతాదాన్ని పుట్టింది పుట్టినట్టే చించి పారెయ్యడానికి అక్కడే ఎంజైములున్నాయి. చించడం కాస్త నెమ్మదించిందో, ఆ వరుసదీ ఈ వరుసదీ ఒకదానికొకటి అతుక్కుని జంటలు కట్టేస్తాయి. ఆ జంటలు మైటోకాండ్రియా గోడ దాటి బయటికి కారితే కణం బెదిరిపోతుంది. ఏదో వైరస్ ఇంట్లో దూరిందనుకుని ఒళ్లంతా గోల చేస్తుంది. లేని దొంగ కోసం ఇల్లంతా తగలబెట్టుకున్నట్టు, తనని తనే పాడుచేసుకుంటుంది.

“ఎక్కడ?” అంది అప్ప. ఈసారి కత్తి ఆగింది.

కిడ్నీలో, అన్నాను. కిడ్నీ గొట్టాల కణాలకి రాత్రీ పగలూ పనే కాబట్టి వాటి నిండా మైటోకాండ్రియాలే. మా ఉద్దానం ఊళ్లలో ఈ కిడ్నీ జబ్బు రక్తపరీక్షలో బయటపడక ముందే ఆ చించే పని మందగిస్తోందేమో చూడాలన్నది నా ప్రశ్న. అయితే చాలా ముందు తెలుసుకోవచ్చు. కాకపోతే పదకొండేళ్లు పోయినట్టు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు. మా వైపు కిడ్నీ అన్న మాట వినగానే ఎవరి ఇంట్లో వాళ్లకి ఒక మనిషి గుర్తొస్తాడు. మా బావ పోయి అప్పటికి ఏడేళ్లు. ఆయన్ని డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళ్లి తీసుకొచ్చిన ప్రతి మలుపూ అప్పకి గుర్తే. నీళ్లంటారు, ఎండంటారు, మందులంటారు, ఎందుకొస్తుందో ఇవాళ్టికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు.

ఆ రోజే నేను ఇంకొక మాట కూడా అన్నాను. తరువాత జరిగినదానికంతటికీ ఆ మాటే మూలం. అప్పని సంతోషపెడదామని, “ఈ మైటోకాండ్రియా అమ్మ నుంచే వస్తాయి అప్పా. నాన్న నుంచి రావు. నీ కొడుకు ఒంట్లో ఉన్నవన్నీ నీవే, బావవి ఒక్కటీ లేవు” అన్నాను. ఆమె ముఖంలో ఒక వెలుగు వచ్చి ఆగింది. ఆ వెలుగు చూసి నేను పొంగిపోయాను. సైన్సుని మామూలు మాటల్లో చెప్పగలిగానని నా గొప్ప నాకు.

వైశాఖంలో సీసాలు పంచడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ల లోపు వాళ్లు, ఇంకా ఏ జబ్బూ లేదనుకుంటున్న వాళ్లు, పొద్దున్న మొదటి మూత్రం పట్టి ఇవ్వాలి. అందులో కిడ్నీ గొట్టాల నుంచి రాలిన కణాలు కొన్ని ఉంటాయి, నాకు కావలసింది అవి. మగవాళ్లకి నీలం మూత, ఆడవాళ్లకి తెల్ల మూత. పేర్లు ఉండవు, అంకె మాత్రమే. ఏ అంకె ఎవరిదో రాసిన పుస్తకం మా గైడు గారి బీరువాలో ఉంటుంది. ఫలితాలు ఎవరికీ చెప్పకూడదు, ఎందుకంటే వాటి అర్థం ఏమిటో ఇంకా మాకే తెలియదు. సంతకాలు పెట్టించుకునేటప్పుడు ఇదంతా చదివి వినిపించేదాన్ని. జనం తలూపేవారు, సగం నా మాట విని, సగం నా మీద జాలితో.

ఆర్‌ఎన్‌ఏకి ఆయుష్షు తక్కువ. వేడి తగిలితే పోతుంది, వేలు తగిలితే పోతుంది. మన చెమటలోనే దాన్ని తినేసేవి ఉంటాయి. అందుకని తొడుగులు వేసుకుని, బల్ల తుడిచి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా పని చేసేదాన్ని. “నీది పూజారుల మడి కంటే ఎక్కువే” అని అప్ప వెక్కిరింపు. కవిటి వైపు ఊళ్లకి వెళ్లిన రోజు డొంకూరు నుంచి చేపలు తెచ్చే ఆటో ఆయన నా పెట్టెలో ఐసు నింపేవాడు. సీసాలన్నిటికీ చేపల వాసన. ఆ వాసనతోనే బస్సెక్కితే కండక్టరు నన్ను వెనక సీటుకి పొమ్మనేవాడు.

మా ఊళ్లో ఎవరూ సీసా తీసుకోవడానికి ముందుకు రాలేదు. వాళ్ల భయం నాకు తెలుసు. ఈ మధ్య మా వైపు సంబంధాలు చూసేటప్పుడు జాతకం కంటే ముందు రక్తం కాగితం అడుగుతున్నారు. కిడ్నీ పాడైతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ఇంట్లో ఒకరికి ఎక్కువైందని పొక్కితే ఆ ఇంటి పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయి. అందుకని రిపోర్టులు బియ్యం డబ్బాల్లో దాచేవాళ్లు, పరీక్షకి పలాస మానేసి ఎవరూ ఎరగని ఊరు పోయేవాళ్లు, అందరూ నాకు తెలుసు. సరే, మా ఇంటి నుంచే మొదలుపెడదాం, అప్పుడు అందరూ ఇస్తారనుకున్నాను. అప్ప కొడుక్కి ఇరవై ఆరు. మందస–పలాస రోడ్డు మీద ఆటో తోలుతాడు. ముప్పై ఏడో సీసా వాడిది. ముందురోజు సాయంత్రం అప్ప చేతికిచ్చాను, మర్నాడు ఏడింటికి అప్ప చేతి నుంచే తీసుకున్నాను. నేను అనుకున్నట్టే ఆ వారంలో మా ఊళ్లో పద్దెనిమిది మంది ఇచ్చారు.

ఫలితాలు వచ్చేసరికి ఆశ్వయుజం. కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క అంకే చూస్తూ పోతున్నాను. చాలావాటిలో విశేషం లేదు. అక్కడక్కడా కొంచెం ఎక్కువ, కొంచెం తక్కువ. ముప్పై ఏడు దగ్గర నా వేలు ఆగిపోయింది. చించి పారెయ్యాల్సిన వరుస చించకుండా కుప్పపడి ఉంది. కాపీలు ఆపాల్సిన ఆ చిన్నది సగానికి పడిపోయింది. కణం బెదిరినప్పుడు మోగే గంటలన్నీ మోగుతున్నాయి. విడిగా చూసిన ప్రొటీన్ల పరీక్ష కూడా కిడ్నీ గొట్టాలు దెబ్బతింటున్నాయనే చెప్తోంది. నా ప్రశ్నకి అవునని జవాబు చెప్పే మొదటి సీసా అది. శాస్త్రవేత్తగా నేను ఎగిరి గంతెయ్యాలి. ఆ అంకె చూసి కంప్యూటరు కట్టేసి వీధిలోకి వెళ్లిపోయాను.

పుస్తకం తెరవకూడదు, నిజమే. కానీ ఆ సీసా మూత మీద అంకె రాసింది నేను, ఇచ్చిన ఇల్లు నాది. మరిచిపోవడం ఎలాగ?

ఆ తరువాత రెండు వారాలు కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఫలితం చెప్పనని సంతకం పెట్టాను. చెప్పకపోతే అప్ప కొడుకు... అక్క కొడుకు నాకూ కొడుకే, వాడు నన్ను పిన్నీ అని పిలిస్తే నాకు ఆకలి తీరినట్టుంటుంది. వాడికి ఏమైనా అయితే ఆ సంతకం నన్ను కాపాడుతుందా? పోనీ చెప్తే ఏమని చెప్పను? నీ కణాల్లో చెత్త పేరుకుంది, దానర్థం నాకూ సరిగ్గా తెలియదు, అననా? రెండుసార్లు పలాస వెళ్లి, ప్లాట్‌ఫారం మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, అప్పని చూడకుండానే తిరుగు బండెక్కేశాను. మూడోసారి షెడ్డు దాకా వెళ్లాను. అప్ప చాలా హుషారుగా ఉంది. టెక్కలి నుంచి సంబంధం వచ్చిందట. పిల్ల తండ్రి అక్కడ ఆఫీసులో గుమస్తా. పిల్ల బాగుందట. మాఘంలో ముహూర్తం అనుకుంటున్నారట.

“అన్నీ బాగున్నాయే. ఒక్కటే, ఆలు రక్తం కాగితం అడుగుతున్నారు” అంది గొంతు తగ్గించి. “ఏదో ఒకటి సెప్పి దాటేత్తన్నాను.”

టీ తెప్పించింది. తను రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. ఏమీ సయించడం లేదంది. కాళ్లకి కొత్త చెప్పులున్నాయి, పాతవి బిగుతైపోయాయట. ఇవన్నీ విన్నాను, చూశాను. పెళ్లి హడావిడి అనుకున్నాను. నా తల నిండా ముప్పై ఏడే.

మర్నాడు మధ్యాహ్నం అప్ప కొడుకు ఆటో ఎక్కి, “నాకు కాశీబుగ్గలో ల్యాబులో పనుంది, పద” అన్నాను. అక్కడ దిగాక, “నువ్వూ ఒకసారి రక్తం ఇచ్చెయ్యరా, ఎలాగూ టెక్కలి వాళ్లు అడుగుతున్నారు కదా” అన్నాను. వాడు ముందు నవ్వాడు. తరువాత హ్యాండిలు పట్టుకుని రోడ్డు వైపు చూశాడు.

“మా నాన్నకి మొదట తెలిసింది కూడా ఇక్కడే పిన్నీ” అన్నాడు. అని దిగి వచ్చి చెయ్యి చాపాడు.

రిపోర్టు వచ్చేదాకా నేను ఆ వీధిలో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో, టీ కొట్టు ఆయన నన్ను పిలిచి ఎవరికోసం వెతుకుతున్నారమ్మా అని అడిగాడు. కాగితం చేతికొచ్చింది. క్రియాటినిన్ సున్నా పాయింట్ తొమ్మిది, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఉండాల్సినంతే. మళ్లీ చూశాను. సున్నా పాయింట్ తొమ్మిదే. నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. వాడికి నా ఏడుపు అర్థం కాలేదు, అయినా నా భుజం తట్టి, “బాగుంటే ఏడుత్తావేటి పిన్నీ” అన్నాడు. అప్ప ఆ కాగితం చూసి కళ్లకద్దుకుంది. ఆ సాయంత్రమే దాన్ని ఫొటో తీయించి టెక్కలి పంపించింది. నావైపు మాత్రం చూడలేదు.

ఒక్కరోజు హాయిగా ఉన్నాను. రెండో రోజు నుంచి మళ్లీ మొదలు. రక్తంలో తేడా రావడానికి టైం పడుతుంది, నిజమే. నా సీసా ముందే కనిపెట్టి ఉండొచ్చు, అదీ నిజమే. అదే కదా నేను నిరూపించాలనుకున్నది. కానీ గొట్టాలు అంత దెబ్బతిన్నవాడికి క్రియాటినిన్ అంత శుభ్రంగా ఉండడం నాకు మింగుడు పడలేదు. మళ్లీ ముప్పై ఏడు తెరిచాను. మైటోకాండ్రియా వరుస మొత్తం సరిచూశాను. పని మొదలుపెట్టే ముందు పద్ధతి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నా మూత్రం మీదే ప్రయోగం చేసుకున్నాను, అది నా దగ్గరుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టాను. ఒక్క అక్షరం తేడా లేదు. ఉండకూడదు కూడా. మా అమ్మవి నాకూ అప్పకీ వచ్చాయి, అప్పవి వాడికి వచ్చాయి. సీసా మా ఇంటిదే, పొరపాటు లేదు.

అప్పుడు ఇంకో పని చేశాను. మాకు కావలసింది మైటోకాండ్రియా సంగతే కాబట్టి, మిగతా ఆర్‌ఎన్‌ఏల సమాచారం మొత్తం పనికిరానిదని ఒక ఫోల్డర్లో పడేసి ఉంచాం. అది తెరిచాను. ఆడవాళ్ల కణాల్లో మాత్రమే గట్టిగా కనిపించే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ ఒకటుంది. అది కూడా ప్రొటీన్ చెయ్యనిదే. ఆడవాళ్లకుండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని కప్పి దాని నోరు మూయిస్తుంది. మగవాడి సీసాలో అది ఉండకూడదు. ముప్పై ఏడులో అది నిండుగా ఉంది. మగవాళ్ల వై క్రోమోజోము జాడ వెతికాను. వెంట్రుకవాసి కూడా లేదు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నీలం మూత సీసాలో ఉన్నది ఆడమనిషి మూత్రం. ఆ ఆడమనిషి మైటోకాండ్రియా, నా మైటోకాండ్రియా ఒక్కటే. అమ్మ ఎప్పుడో పోయింది. ఇక మా ఇంట్లో అలాంటి ఆడవాళ్లం ఇద్దరమే ఉన్నాం, అందులో ఒకతె నేను.

మర్నాడు పొద్దున్న బండికి పలాస వచ్చాను. దారంతా కోపంతో ఊగిపోయాను. దేని మీద కోపమో చెప్పలేను. నా పరిశోధన పాడైందనా, నాకు అబద్ధం ఆడిందనా, ఆ కొత్త చెప్పులు చూసి కూడా నాకు బుర్ర వెలగలేదనా? షెడ్డు బయట, పిక్కలు ఎండబోసిన కళ్లం పక్కకి అప్పని చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

“ఆ సీసాలో ఉన్నది ఎవరిది?”

అప్ప నన్ను ఒకసారి చూసింది. తల తిప్పుకుని కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఆ పొద్దు ఆడు నాలుగ్గంటలకే ఆటో ఏసుకుని ఎల్లిపోనాడే” అంది. మళ్లీ తనే, “అబద్దం ఎందుకులే. ఆడున్నా నాను ఇయ్యనిద్దును కాదు. అప్పుడే ఆడికి సంబంధాలు సూత్తన్నాను. ఆడిలో ఏదైనా ఉందని నువ్వంటే? నీ మొకం సూత్తే సాలు, నాకు తెలిసిపోతాది. అందుకే నాది పట్టీసినాను.”

“నీది పడితే ఎలా అప్పా? వాడిది కావాలని కదా అడిగాను?”

“నువ్వే కదే సెప్పినావు, ఆడి ఒంట్లో ఉన్నవన్నీ నావేనని. మీ బావయి ఒక్కటీ లేవన్నావు. మరి ఎవరిది ఇత్తే ఏటి? నీకు కావాల్సింది అయే కదా.”

పదకొండేళ్ల చదువులో నేను చెప్పిన ఒక్క మాటని ఇంత శ్రద్ధగా విన్న మనిషి ఇంకొకరు లేరు. ఆమె లెక్కలో తప్పు కూడా లేదు. వరుసలో ఒక్క అక్షరం తేడా రాలేదని నేనే కళ్లతో చూశాను. ఒకే దారమైనా, ఒకరి ఒంట్లో చించే పని సాగి ఇంకొకరి ఒంట్లో ఆగిపోవచ్చన్న సంగతి నేనే ఆమెకి చెప్పలేదు. నా పదకొండేళ్ల చదువంతా ఆ సంగతి గురించే.

“ఆ సీసా బాలేదు అప్పా” అన్నాను. “అందులో ఉన్నది కిడ్నీ దెబ్బతింటున్న మనిషిది. రెండు వారాలు వాడికే అనుకుని చచ్చాను.”

ఎండలో ఆమె కళ్లు చిట్లించి నన్ను చూసింది. లోపల ఏదో కూడుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. తరువాత ఆమె ముఖం మొత్తం విప్పారింది. ఆ రోజు షెడ్డులో చూసిన వెలుగే, ఇంకా పెద్దది.

“అయితే ఆడిది కాదు కదా” అంది. “హమ్మయ్య. ఆడిది కాదు.”

నాకు ఆమెని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక, ఇప్పుడే ల్యాబుకి పద అని అరిచాను. కళ్లంలో పిక్కలు తిరగేస్తున్న ఆయన మా వైపు చూశాడు. అప్ప నా వెంట నడిచింది. ఎవరిదో ఆటోలో నా పక్కన కూర్చుని, ఫ్యాక్టరీ దాటాక మెల్లిగా మొదలుపెట్టింది.

“ఒక్క మాట ఇంటావా? నా పేరు రాయించకే. ఆ ల్యాబులో అమ్మాయిది టెక్కలే. తల్లికి ఉందని తెలిత్తే కొడుక్కీ వత్తాదంటారు. మాఘం దాకానే. పెళ్లయిపోతే నానే అందరికీ సెప్పేత్తాను.”

“మరి ఎవరి పేరు రాయించను?”

“నీదే. మనిద్దరియి ఒకటే అన్నావు కదా.”

ఆ వారమే నేను మా గైడు గారికి ఉత్తరం రాశాను. ముప్పై ఏడో నమూనా చీటీ మీద ఉన్న మనిషిది కాదని తేలింది, పరిశోధనలోంచి తీసేయండి, సీసా ఎవరిదో నాకు ముందే తెలుసు, ఫలితం మనసులో పెట్టుకుని నేను నియమం దాటాను అని దాచకుండా రాశాను. చీటీ తప్పైతే పని మొత్తం తప్పవుతుందని నా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ ఉత్తరం రాసింది నేనే. కానీ ఆటోలో అప్ప పక్కన కూర్చున్నది కూడా నేనే.

ఆటోలో అప్పకి ఒకే షరతు పెట్టాను. ఈ కాగితం వరకే నా పేరు. విశాఖపట్నంలో పెద్ద డాక్టరు దగ్గర అసలు పేరు, అసలు వయసు, ఒక్క అబద్ధం ఉండకూడదు, వచ్చే వారమే వెళ్లాలి, మందులు ఆ రోజు నుంచే. అప్ప నా చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది.

కౌంటరు దగ్గర అమ్మాయి పేరడిగింది. నా పేరు చెప్పాను. వయసు అడిగితే నా వయసు చెప్పాను. ఆ అమ్మాయి సూది తీసుకుని నావైపు తిరిగేసరికి, అప్ప కుర్చీలో కూర్చుని చెయ్యి చాపేసి ఉంది. ఆ అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అప్ప చేతికి రబ్బరు బిగించింది. గొట్టం మీద చీటీ అంటిస్తుంటే నేను తల తిప్పుకున్నాను.

రక్తమిచ్చి అప్ప నేరుగా పనికి వెళ్లిపోయింది, సగం రోజు పోతుందని. నేను రిపోర్టు కోసం అదే వీధిలో మళ్లీ తిరిగాను. టీ కొట్టు ఆయన ఈసారి కుర్చీ తెచ్చి వేశాడు. అందులో కూర్చోలేదు. మధ్యాహ్నం రెండు దాటాక కాగితం ఇచ్చారు. పైన నా పేరు, నా వయసు. కింద క్రియాటినిన్ మూడు పాయింట్ ఎనిమిది.

షెడ్డుకి వెళ్లేసరికి అందరూ పళ్లేల ముందున్నారు. పదిహేను మంది ఆడవాళ్లు, ముప్పై చెవులు. అప్ప తలెత్తలేదు. కత్తి ఆడిస్తూనే అడిగింది.

“నీకెంతొచ్చిందే?”

నేను చెప్పాను. ఆమె చేతిలో పప్పు రెండుగా విరిగింది. విరిగిన బద్దల్ని చూసి, వాటిని వేరే పళ్లెంలో వేసింది. చుట్టూ కత్తుల చప్పుడు ఆగిపోయింది. మా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, తన కొడుకుని ఇదే జబ్బుకి పోగొట్టుకున్న మనిషి, నన్ను పైనుంచి కిందికి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

“అయ్యో తల్లీ, అంత సదువుకున్నావు” అంది. “దీని మీదే సదువుకున్నావంట కదా. ఇన్నాళ్లు సూసుకోలేదేటి?”

జవాబు కోసం అందరూ నావైపు చూస్తున్నారు. అప్ప మాత్రం ఇంకో పప్పు తీసుకుని పొట్టు వొలుస్తోంది. ఆమె పాదాలు పళ్లెం కిందికి ముడుచుకుని ఉన్నాయి, కొత్త చెప్పుల పట్టీలు అప్పుడే చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి.

“లేదమ్మా” అన్నాను. “చూసుకోలేదు.”